వెదురు కర్రకి కట్టిన యాంటెన్నా

సింగపూర్‌లో మా ఉపగ్రహం సరిగ్గా నడినెత్తిన ఉండేది. మా కంపెనీ కొంప ముంచింది అదే. చేరిన కొత్తలో ఈ మాట ఎవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. నడినెత్తిన ఉంటే ఇంకా మంచిదే కదా, ఊరంతటికీ సమానంగా అందుతుంది కదా అనుకునేవాణ్ణి. నా పైవాళ్ళూ అలాగే అనుకున్నారు. మా అందరికీ పెద్ద పెద్ద చదువులే ఉన్నాయి మరి.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం గడిచింది, ఉద్యోగాలు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి. సాయంత్రం పూట మేముండే టాంపినీస్ పేటలో, ఫ్లాట్ల బ్లాకుల కింద కాసేపు నిలబడితే చాలు, గుంటూరు బ్రాడీపేటలో ఉన్నామా అనిపించేది. బ్యాంకులో కుదురుగా ఉన్న ఉద్యోగం మానేసి నేను ఉపగ్రహ రేడియో కంపెనీలో చేరింది అప్పుడే. మామూలు రేడియో కాదది. పాట ఆకాశం నుంచి నేరుగా దిగుతుంది. దానికి వేరే సెట్టు, అరచేతంత పలక లాంటి యాంటెన్నా ఉంటాయి. నెలనెలా చందా కట్టినవాళ్ళ సెట్టు మాత్రమే పలుకుతుంది. ప్రకటనల గోల లేదు, గరగర లేదు. భాషకో ఛానెల్. అందులో తెలుగు ఛానెల్‌కి భవిష్యత్తు ఎలా ఉంటుందో, ఎంతమంది చందాదారులు వస్తారో అంచనా కట్టడం నా పని.

ఛానెల్ అయితే ఉంది కానీ పొద్దున్నే మాట్లాడే మనిషి దొరకలేదు. చివరికి దొరికింది మా ఆవిడే. నాది తెనాలి వైపు, తనది జగిత్యాల వైపు. పెళ్ళయ్యాక చాలాకాలం నా యాసని తను, తన యాసని నేను వెక్కిరించుకుంటూ బతికాం. గొంతు పరీక్షకి వెళ్ళినప్పుడు రాసిచ్చిన కాగితాన్ని చక్కగా, పంతులమ్మలా చదివింది. వెంటనే తీసుకున్నారు. మొదటి రోజు పొద్దున మైకు ముందు కూర్చున్నాక మాత్రం కాగితం పక్కన పెట్టేసింది.

"లేచిన్రా? చాయ్ తాగిన్రా?"

అంది. అని ఊరుకుంది. నిజంగా ఎవరో జవాబు చెప్తున్నట్టు కాసేపు ఆగి, అప్పుడు మొదటి పాట వేసింది.

కార్యక్రమాలకి పెద్దగా ఒకాయన ఉండేవాడు, విజయవాడ మనిషి. అద్దాల గదిలోంచి మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "ఇది రేడియో అమ్మా, మీ ఇంటి వాకిలి కాదు. శ్రోతలకు శుభోదయం అనాలి" అన్నాడు.

"వాకిట్ల నిలవడి మాట్లాడినట్టుంటెనే గద సార్ ఎవరన్న ఇనేది" అంది మా ఆవిడ, చాలా మర్యాదగా.

ఇంటికొచ్చాక నేను కూడా చీవాట్లు పెట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుంటావా అని అరిచాను. "నువ్వు లెక్కలు జూస్కో సారూ, మాటలు నేను జూస్కుంట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోపమొచ్చినా ముద్దొచ్చినా నన్ను సారూ అనే పిలిచేది. మర్నాడు పొద్దున మళ్ళీ అదే పలకరింపు, ఆ తర్వాత అదే ఆగడం. కొన్నాళ్ళకి విజయవాడ పెద్దాయన కూడా కాఫీ కప్పుతో వచ్చి అద్దం అవతల నిలబడి వినడం మొదలుపెట్టాడు. ఛానెల్‌లో ఎవరి పేర్లూ చెప్పకూడదని కంపెనీ నియమం. అందుకని వినేవాళ్ళకి ఆవిడ ఉత్త 'అక్క' అయిపోయింది.

ఇక నా లెక్కల సంగతి. పైనుంచి వచ్చిన పెద్దమనుషులు వేరే దేశాల అంకెలు తెచ్చి తెర మీద వేసేవారు. అక్కడ మనుషులు కార్లలో గంటలకొద్దీ పోతూ ఉంటారు, దారి పొడుగునా రేడియో వింటారు. ఇక్కడ కారెక్కడిది? ఉన్నవాడు మాత్రం ఎంత దూరం పోతాడు? ఇంకాస్త తొక్కితే సముద్రంలో పడతాడు. మిగతా జనమంతా రైల్లో, అదీ సగం దారి నేల కింద. ఇళ్ళకి వస్తే ఇంకా అన్యాయం. ఉపగ్రహం నడినెత్తిన ఉందంటే యాంటెన్నా నిట్టనిలువుగా ఆకాశాన్ని చూడాలి. ఫ్లాట్లో నెత్తి మీద ఉండేది ఆకాశం కాదు, పైవాళ్ళ వంటిల్లు. కిటికీలోంచి కనిపించే ఆకాశం పక్కకి ఉంటుంది, దానితో మాకు పనిలేదు. ఒకరి నెత్తిన ఒకరు కాపురముండే ఊళ్ళో నెత్తి మీది సరుకు అమ్మడానికి బయల్దేరాం మేము.

దీనికి ఉపాయం కనిపెట్టింది కూడా ఆవిడే. మా వంటింటి కిటికీ కింద బయటి గోడకి గొట్టాలు ఉండేవి. వాటిలో వెదురు కర్రలు గుచ్చి బట్టలారేసుకోవడం ఇక్కడి పద్ధతి. ఒకరోజు లంగా బొందుతో యాంటెన్నాని కర్ర కొసన కట్టి, కర్రని బయటికి తోసింది. సెట్టు మీద సిగ్నల్ గీతలు నిండుగా వచ్చేశాయి. "సూశినవా సారూ" అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. అయితే పై అంతస్తులో ఉండే చైనీస్ ముసలావిడ తడి దుప్పట్లు ఆరేస్తే గీతలు టక్కున పడిపోయేవి. మా ఆవిడ ఒక గిన్నె నిండా సకినాలు పట్టుకుని పైకెళ్ళి ఒప్పందం చేసుకొచ్చింది. "కెన్ లా, ఐ హ్యాంగ్ లేటర్" అందట ఆంటీ, సరేలే, తర్వాతే ఆరేసుకుంటాలే అని. అప్పట్నుంచి పొద్దున కార్యక్రమం అయ్యేదాకా పైనుంచి ఒక్క బొట్టు కారేది కాదు.

ఆదివారాలు సెట్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. ఒకరింట్లో పెడితే ఆ బ్లాకులో ఉన్న తెలుగువాళ్ళంతా అక్కడికే చేరేవాళ్ళు. ఇడ్లీలు, చట్నీ, పిల్లల అల్లరి, మధ్యలో మా రేడియో. అక్క గొంతు భలే ఉంది అనేవాళ్ళు. మరి మీరూ తీసుకోండి అంటే ఒక్కటే జవాబు: "ఎదురింట్లో ఉందిగా అన్నయ్యా, ఆదివారం ఆదివారం ఇక్కడికే వచ్చేస్తాం." ఒక పేపరు కొంటే వీధంతా చదివే జనం మనం. ఒక ఇంట్లో టీవీ ఉంటే వాకిలి దాకా చాపలు పరుచుకుని కూర్చున్నవాళ్ళం. ఇంటికో చందా అని నేను తెర మీద వేసిన అంకె, మనవాళ్ళ మంచితనం దగ్గరే కూలిపోయింది. వాళ్ళ మీద విసుగొచ్చేది, అదే చేత్తో వాళ్ళు పెట్టిన ఇడ్లీ తినేవాణ్ణి.

ద్వీపం మొత్తం మీద మా సెట్టు బ్రహ్మాండంగా పలికింది మాత్రం ఒక్కచోటే. చోవా చూ కాంగ్ దాటి పడమటికి ఇంకా పోతే పని పర్మిట్ల మీద వచ్చిన మనవాళ్ళ డార్మిటరీ ఒకటి ఉండేది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. కొందరిది షిప్‌యార్డు పని, కొందరిది కట్టుబడి పని. వాళ్ళ వాకిలి విశాలం, నెత్తిన ఏ అడ్డమూ లేదు. అందరూ కలిసి ఒకే ఒక్క సెట్టు తీసుకుని, యాంటెన్నాని బట్టలారేసే స్తంభం మీద కట్టుకున్నారు. ఒకసారి సెట్టు సరిచూడ్డానికని తెల్లవారుజామున వెళ్ళాను. లారీ ఇంకా రాలేదు. బూట్లు వేసుకుంటూ, టిఫిన్ డబ్బాలు సర్దుకుంటూ ఉన్నారు. "లేచిన్రా? చాయ్ తాగిన్రా?" అని మా ఆవిడ గొంతు వచ్చింది. వచ్చి ఆగింది.

"తాగినమక్కా!" అని వాకిలంతా ఒక్కసారి అరిచింది.

ఆ అక్క మా ఆవిడేనని చెప్పుకోవాలని నోటిదాకా వచ్చింది కానీ, కంపెనీ నియమం గుర్తొచ్చి మింగేశాను. ఇంటికొచ్చి తనకి చెప్పాను. గరిటె పక్కన పెట్టి, "నిజంగనా? జవాబు చెప్తున్నరా?" అంది. "మల్ల చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. "లారీ ఎక్కేటప్పుడు కూడ ఇంటున్నరా?" అంది. కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఏదో ఒక ఐతారం తనని అక్కడికి తీసుకుపోవాలని మాట తీసుకుంది. తీసుకుపోతానన్నాను.

ఆ ఐతారం రాలేదు. ముందు గొంతు బొంగురుపోయింది. ఏసీ గదుల్లో కూర్చుని కూర్చుని అనుకున్నాం. మిరియాల పాలు తాగింది, పసుపు వేసి పుక్కిలించింది. మైకు ముందు మాత్రం ఎలాగో నెట్టుకొచ్చేది. చివరికి ఆసుపత్రికి వెళ్తే స్వరపేటికలో గడ్డ అన్నారు. మంచి గడ్డ కాదన్నారు. మనిషి దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. డాక్టరు చాలా నెమ్మదస్తుడు, రెండుసార్లు విడమర్చి చెప్పాడు. ఆవిడ అంతా విని, నా వైపు తిరిగి, "తియ్యమను" అంది. ఆ తర్వాత కూడా తను చాలా మాటలు మాట్లాడే ఉంటుంది, ఆపరేషన్ గది దాకా మాట్లాడుతూనే ఉంది. నాకు మాత్రం తలుచుకుంటే ఆ ఒక్క మాటే వినిపిస్తుంది.

మనిషి దక్కింది. గొంతు పోయింది. మెడ దగ్గర ఊపిరికి చేసిన చిన్న రంధ్రం మీద పల్చటి స్కార్ఫ్ కట్టుకునేది. మెడకి ఆనించుకుని మాట్లాడే మిషనొకటి ఇచ్చారు. ఇంటికొచ్చి ఒక్కసారి ఆనించింది, దాంట్లోంచి వచ్చింది విన్నది, తీసి సొరుగులో పెట్టింది. మళ్ళీ ఆ సొరుగు తెరవలేదు. అప్పట్నుంచి పెదాలతో, చేతులతో మాట్లాడేది. నన్ను పిలవాలంటే వంటింటి గట్టుమీద చెంచాతో కొట్టేది. ఆ టక్‌టక్ సారూ అన్నట్టే ఉండేది నాకు.

సరిగ్గా అప్పుడే కంపెనీ ఖర్చులు తగ్గించుకోవాలని చూస్తోంది. తెలుగు ఛానెల్ ఎత్తేద్దామా అన్న మాట వచ్చింది. నేను లేచి, ఏళ్ళ తరబడి చేసిన పొద్దుటి కార్యక్రమాలు మన దగ్గరున్నాయి, వాటినే తిరిగి వేద్దాం, పైసా ఖర్చు లేదు అన్నాను. సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ ఉద్యోగంలో నేను నెగ్గిన వాదన అదొక్కటే. ఇంట్లో చెప్పడానికి మాత్రం భయపడ్డాను. తన గొంతు తనే వింటే గుండె పగిలిపోతుందేమో అనుకున్నాను. విన్న వెంటనే లేచి వెళ్ళి యాంటెన్నాకి కొత్త బొందు కట్టింది.

మర్నాటి నుంచి అదే వరస. పొద్దున్నే కర్ర బయటికి తోసేది, స్టూలు వేసుకుని సెట్టు పక్కన కూర్చునేది. "లేచిన్రా? చాయ్ తాగిన్రా?" అని వచ్చి ఆగేది. ఆ ఆగినప్పుడు నా వైపు చూసి, పడమటికి, చోవా చూ కాంగ్ వైపు, చెయ్యి చాపేది. విను, జవాబు చెప్తున్నారు అని. అప్పటికి గానీ నాకు తెలియలేదు, తను వింటున్నది తన గొంతు కాదని. ఈ కార్యక్రమాలు రికార్డు చేసిపెడతాను, ఇంట్లో ఉంటాయి అంటే తల అడ్డంగా ఊపింది. పెదాలతో నెమ్మదిగా, నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. వాళ్ళు ఇనాలె. నేనొక్కదాన్ని ఇంటె ఏమొస్తది?

డార్మిటరీకి పోదామా అని అడిగాను. స్కార్ఫ్ ముట్టుకుని చూపించింది. వద్దంది. వాళ్ళకి తెలియొద్దంది. వాళ్ళకి అక్క గొంతు అలాగే ఉండాలి.

కాబట్టి ఇక నాకు కావలసింది ఒక్కటే. ఆ ఛానెల్ నడవాలి. లాభం రాకపోయినా సరే, ఈసురోమంటూ అయినా సరే, నడవాలి. నా జీతం కోసం కూడా నేను అంతగా పోట్లాడలేదు. కానీ ఇంటర్నెట్ అప్పటికే ఇల్లిల్లూ చేరింది. నేను చందా కట్టమని బతిమాలిన ఐటీ కుర్రాళ్ళే కంప్యూటర్లో ఊరికే పాటలు వింటున్నారు. ఆకాశం దాకా పోనక్కర్లేదు, పైకప్పు అడ్డం రాదు, కర్ర అక్కర్లేదు. వాళ్ళని అనడానికి ఏముంది? నేనైనా అదే చేసేవాణ్ణి.

వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో కొత్తగా లేచిన అద్దాల మేడలోకి మా ఆఫీసు మారింది. అక్కడ చివరి సమావేశం. తెలుగు ఛానెల్‌కి చందాదారులెందరు అని అడిగారు. వినేవాళ్ళు చాలామంది అన్నాను. చందాదారులు అన్నారు. నాకు తిక్క రేగింది. ఒక్క సెట్టు చుట్టూ ఒక డార్మిటరీ అంతా నిలబడి వింటోంది, పొద్దున్నే రేడియోకి జవాబు చెప్తోంది, ఇలాంటి శ్రోతలు మీకు ఏ దేశంలో ఉన్నారో చూపించండి అని బల్ల గుద్దాను. పైనుంచి వచ్చిన పెద్దమనిషి నొచ్చుకోకుండా, జాలిగానే అన్నాడు, మన కష్టం అదే కదా అని. ఆయన చెప్పింది నిజం.

తీరా చూస్తే పోయింది తెలుగు ఛానెల్ ఒక్కటే కాదు. అన్ని భాషలూ, మొత్తం కంపెనీ పోయింది. స్టూడియోకి సీలు వేశారు. మా ఆవిడ కార్యక్రమాలున్న మిషన్ ఒక్కటి చూడనివ్వమని దివాలా వ్యవహారం చూస్తున్న లాయర్లని అడిగాను. అవి అప్పులవాళ్ళవి, ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. మా ఆవిడ గొంతండీ అన్నాను. సారీ అన్నారు. ఏం చేస్తారు, వాళ్ళ ఉద్యోగం వాళ్ళది.

ఆ సీలు పడకముందు, చివరి ప్రసారం పొద్దున ఇద్దరం సెట్టు ముందే కూర్చున్నాం. కార్యక్రమం సగంలో, ఒక పాట మధ్యలో ఆగిపోయింది. గీతలు పడిపోయాయి. ఆవిడ చటుక్కున లేచి కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూసింది, ఆంటీ దుప్పటి ఆరేసిందేమోనని. పైన ఏమీ లేదు. ఎండ ఉంది. అలా పైకే చూస్తూ చాలాసేపు నిలబడింది. నాకు ఏడుపాగలేదు. తనకి ఏడుపు కూడా చప్పుడు రాదు.

మర్నాడు కూడా కర్ర బయటికి తోసింది. ఆ మర్నాడూ తోసింది. నేను వద్దనలేదు. పైన ఆంటీ కూడా, పాపం, ఆ టైము దాటేదాకా బట్టలు ఆరేసేది కాదు.

తర్వాత ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. తీస్తే ఇద్దరు మనుషులు, ఇస్త్రీ చొక్కాలు, తడి దువ్వెన వేసిన తలలు. డార్మిటరీ వాళ్ళు. సెట్టు ఇచ్చినప్పుడు నేను రాసిచ్చిన అడ్రసు పట్టుకుని, ద్వీపం ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చారు. వాళ్ళల్లో పెద్దాయన చేతిలో తువ్వాలు చుట్టిన సెట్టు.

"రేడియో సార్, సెట్టు ఖరాబైంది. లైటు ఎలుగుతున్నది గని అక్క గొంతు వస్తలేదు" అన్నాడు.

"ఎండకేమన్న పోయిందేమో సూడున్రి సార్" అన్నాడు రెండో అతను. "ఆ గొంతు ఇనకుంటే తెల్లారినట్టే అనిపిస్తలేదు. లారీల ఎవ్వడు మాట్లాడుతలేడు."

కంపెనీ మూతపడిందని చెప్పబోయాను. అప్పటికే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. అంతా విన్నది. నేను నోరు తెరవగానే తల అడ్డంగా ఊపింది. ఆ చూపుకి ఎదురు చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు. టేబుల్ మీద సెట్టు పెట్టి, పనిముట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, బాగానే ఉన్న సెట్టుని విప్పడం మొదలుపెట్టాను.

వాళ్ళు కుర్చీల అంచున కూర్చున్నారు. మా ఆవిడ స్కార్ఫ్ సర్దుకుని వాళ్ళ ముందుకి వచ్చింది. ఏదో అడగబోయినట్టు కనుబొమలు ఎత్తింది. పెదాలు కదిలాయి. చాయ్ తాగిన్రా?

చప్పుడేమీ రాలేదు. అడిగి, ఆగింది.

"తాగినమమ్మా" అన్నాడు పెద్దాయన. "బస్సెక్కెటప్పుడే తాగినం."

నా చేతిలోంచి స్క్రూ జారి కుర్చీ కిందికి పోయింది. అది వెతుకుతున్నట్టు వంగి అక్కడే ఉండిపోయాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళలేదు. వాళ్ళ ఎదురుగా కూర్చుంది. పెద్దాయన సెట్టు వైపు చూస్తూ చెప్తున్నాడు, "అక్క మా దిక్కామెనే సార్. మాట ఇంటెనే తెలుస్తది. ఇప్పుడు యాడుంటది?"

"ఇక్కడే ఉంటుంది, సింగపూర్‌లోనే" అన్నాను.

"పానం మంచిగున్నదా?"

మా ఆవిడ నా వైపు చూసింది.

"బాగుంది" అన్నాను.

"అది సాలు" అన్నాడు.

చాయ్ తాగే వచ్చామన్నా వినకుండా మళ్ళీ పెట్టి ఇచ్చింది. బాగయ్యాక ఫోన్ చేస్తానని చెప్పి పంపాను. లిఫ్ట్ దగ్గర పెద్దాయన ఆగి, వెనక్కి తిరిగి, మా ఆవిడతో అన్నాడు, "బాగైతే ముందుగాల నువ్వు ఇనమ్మా. మంచిగ మాట్లాడతది." ఆవిడ తలూపింది. లిఫ్ట్ మూసుకునేదాకా ఊపుతూనే ఉంది.

ఆ సెట్టులో పోయిందేమీ లేదు. విప్పినవన్నీ మళ్ళీ బిగించడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.